ఎక్కడి స్టూలు అక్కడే

నవంబరు 20

వదినగారికి,

నమస్కారం. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా. మనుషులం క్షేమమే. ఇంటి సంగతే చెప్పలేను.

అన్నయ్య రాసిన కార్డు నిన్న అందింది. డిసెంబరు ఇరవై మూడున మీరిద్దరూ వచ్చి సెలవులు పది రోజులూ మాతోనే గడుపుతారని రాశాడు. నేను రెండుసార్లు చదివి, నమ్మకం కుదరక మా ఆయన చేత కూడా చదివించాను. ఆరేళ్ళ తర్వాత మీరు మా గడప తొక్కుతున్నారు. సంతోషంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. తీరా కార్డు కింద పెడదామంటే బల్లమీద అరచెయ్యంత ఖాళీ లేదు. భయం అప్పుడు మొదలైంది.

ఫోను చేయకుండా ఉత్తరమే ఎందుకు రాస్తున్నానంటే, అన్నయ్య పెట్టిన రూలు నేను ఇంకా తప్పలేదు. మనిద్దరం ఫోనులో మాట్లాడితే మాటకి మాట పెరుగుతుందని, కాగితం మీదైతే పోస్టు డబ్బా దాకా నడిచేలోపు సగం కోపం దిగుతుందని వాడి సిద్ధాంతం. ఆరేళ్ళ కిందట మీరు వెళ్తూ వెళ్తూ మా ఫ్రిజ్ మీది దుమ్ములో వేలితో ఆనాటి తేదీ రాసి వెళ్ళారు. నేను ఓ గుడ్డ తీసుకుని తుడిచేసి ఉంటే అక్కడితో పోయేది. పౌరుషం కొద్దీ అలాగే ఉంచి, రెండు నెలల తర్వాత మీకు ఫోన్ చేసి, "మీరు రాసిన తేదీ ఇంకా చెక్కుచెదరలేదు, వచ్చి తుడుచుకోండి" అన్నాను. ఆ మాటతో పోయింది నా పరువేనని ఫోన్ పెట్టేశాక తట్టింది.

ఈసారి అలా కాదు. వంటింటి అటకతో మొదలుపెట్టి వీధి గేటు దాకా ముప్ఫై రెండు రోజుల్లో ఇల్లంతా కడిగిన ముత్యంలా చేస్తాను. కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు, బీరువాల వెనక, మంచాల కింద, ఏదీ వదలను. ఇరవై ఎనిమిదేళ్ళుగా లైబ్రరీ బైండింగ్ సెక్షన్లో, చిరిగి పేలికలైన పుస్తకాలని కుట్టి, అంటించి, కొత్తవాటిలా పంపుతున్నదాన్ని. నాలుగు గదులు నాకో లెక్కా? మా ఆయన స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పే మాస్టారు కాబట్టి రంగు పెన్సిళ్ళతో చార్టు గీసి గోడకి తగిలించారు. చార్టు వెనక ఒక సాలెగూడు ఉంది. చార్టు ఉన్నన్నాళ్ళూ అది కనపడదు కనక ఒక పని అయిపోయినట్టు టిక్కు పెట్టుకున్నాం.

ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డుని అద్దంలా ఉంచిన సిస్టరమ్మ మీరు. సలహాలు ఏమైనా ఉంటే రాయండి.

చిన్నప్పుడు నా గది చూసి అన్నయ్య పెట్టిన పేరుకి ఇంకా తగినట్టే బతుకుతున్న మీ ఆడపడుచు,
పిచ్చుక


నవంబరు 26

పిచ్చుకా,

ఉత్తరం అందింది. "వదినగారు", "మీరు" అని రాశావు. నేను పెళ్ళై వచ్చిన రోజునే "నువ్వు" అన్నదానివి. ఆరేళ్ళ కోపాన్ని మర్యాదలో చుట్టి పంపావని అర్థమైంది. సరే, అదీ తీసుకున్నాను.

సలహా అడిగావు కాబట్టి రాస్తున్నాను. మా వార్డులో ముప్ఫై మంచాలు. కొత్తగా చేరిన నర్సులు మొదటి రోజే ముప్ఫై మంచాలూ దులిపేస్తామని కొంగు బిగించేవాళ్ళు. సాయంత్రానికి నాలుగు మంచాలు అయ్యేవి. మిగతా ఇరవై ఆరింటి దుప్పట్లు నేలమీద ఉండేవి. రోగులు గోడకి ఆనుకుని నిలబడి ఉండేవాళ్ళు. అందుకని నా రూలు, రోజుకి ఒక్క మంచం. పైనుంచి కిందికి, లోపలినుంచి గుమ్మం వైపుకి. ఒకటి ముగిసేదాకా రెండోదాని మీద చెయ్యి వేయకూడదు. నువ్వు చేయగలను అనుకున్నదాంట్లో సగమే చేయగలవు. ఆ సగంలో సగం పెట్టుకో, పూర్తవుతుంది. ఇల్లు అలకగానే పండగ కాదు.

ఇప్పుడు అసలు మాట. నా కోసం ఇల్లు తలకిందులు చేయకు. దులపాలంటే దులుపు, వస్తువులు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండనీ. మేం పడుకునే గదిలో మంచం ఇంకా గోడవారనే ఉందా? గుమ్మం పక్కన చెక్క స్టూలు ఉండేది, ఉందా? ఆ గదిలోంచి వంటింటికి ఎన్ని అడుగులు వేయాలి? స్నానాల గది మెట్టు ఎంత ఎత్తు? అన్నింటికీ జవాబు రాయి. మర్చిపోకు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు. ఆయన చార్టులు గీయడం తగ్గించి చీపురు పట్టుకుంటే బాగుంటుంది.

వదిన


డిసెంబరు 1

వదినగారికి,

మీ ఉత్తరం చూసి మా ఆయన, "ఇంత పెద్ద అక్షరాలు మా మూడో తరగతి పిల్లలు కూడా రాయరు" అన్నారు. కాగితానికి ఎనిమిదే లైన్లు, అవీ స్కెచ్ పెన్నుతో. ఆసుపత్రి గోడమీద "నిశ్శబ్దం పాటించండి" అని రాసినట్టు. నాకు సలహా అంతంత లావున రాస్తే తప్ప ఎక్కదని మీరు అనుకుని ఉంటారు. అందులో నిజం ఉంది కాబట్టి ఏమీ అనను.

రోజుకి ఒక్క మంచం అన్న మీ రూలు బంగారం. నేను దాన్ని మొదటి గంటలోనే తప్పాను. అటక మీది సామానంతా ఒకేసారి దింపితే ఒకేసారి ఎక్కించవచ్చు కదా అనుకున్నాను. దింపడం దివ్యంగా జరిగింది. మూతల్లేని డబ్బాలు పదకొండు, డబ్బాల్లేని మూతలు పధ్నాలుగు దొరికాయి. మధ్యాహ్నమంతా కూర్చుని చూశాను, ఒక్క మూతా ఒక్క డబ్బాకీ పట్టలేదు. మూతలు పారేయమని మా ఆయన అంటారు. పారేసిన మర్నాడే డబ్బాలు బయటపడితే ఎవరు బాధ్యులు? కొండని తవ్వి ఎలుకని పట్టానని ఆయన నవ్వారు. ఎలుక నిజంగానే ఉంది. పట్టలేదు.

ఆ సామానంతా ఇప్పుడు హాల్లో ఉంది. మేం పక్కకి తిరిగి నడుస్తున్నాం. చార్టులో ఇల్లంతా అన్న మాట కొట్టేసి మూడు గదులు అని దిద్దుకున్నాం.

ఇక మీ ప్రశ్నలు. ఎంత ఎత్తు, ఎన్ని అడుగులు, ఎక్కడ ఏముంది అని వరసగా అడిగారు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చే ముందు పంపే కాగితంలా ఉంది. జవాబులు వినండి. మంచం గోడవార లేదు, కిటికీ దగ్గరికి జరిపాను. స్టూలుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను, దానిమీద పుస్తకాలంటించే పేస్టు గిన్నె పెట్టుకుంటున్నాం. భోజనాల బల్ల హాల్లోకి, సోఫా వెనక గదిలోకి మారాయి. వంటింటికి ఎన్ని అడుగులంటే, హాల్లోని సామాను మీద ఆధారపడి ఉంటుంది. ఉన్నవాటిని కదపకుండా దులిపి ఊరుకునే మనిషిననుకున్నారా? మీరు కళ్ళారా చూసి, ఇది ఆ ఇల్లేనా అని ఆశ్చర్యపోవాలి. అదొక్కటే నా కోరిక.

పిచ్చుక


డిసెంబరు 5

పిచ్చుకా,

మంచం ఎందుకు జరిపావు? ఉన్నచోటే ఉండనీ అని రాశాను కదా. బల్ల కూడా మార్చావు. స్టూలు లేదంటున్నావు.

వీలైతే అన్నీ మళ్ళీ యథాప్రకారం పెట్టు. వీలుకాకపోతే ఇబ్బంది పడకు. స్టేషను దగ్గర లాడ్జి ఏదో ఉందట, మీ అన్నయ్య కనుక్కున్నారు. అక్కడ దిగి, పగలు వచ్చి మిమ్మల్ని చూసి వెళ్తాం. అదే అందరికీ సుఖం.

వదిన


డిసెంబరు 9

వదినగారికి,

పోస్టు డబ్బా దాకా నడిస్తే సగం కోపం దిగుతుందన్న అన్నయ్య సిద్ధాంతం తప్పు. నిన్న ఒక ఉత్తరం రాసి డబ్బా దాకా వెళ్ళి, చాలా మెత్తగా రాశానని చించేసి వచ్చాను. ఇది రెండోది.

మా ఇంట్లో పడుకోవడం కన్నా లాడ్జి సుఖమని రాశారు. ఆ లాడ్జి నేను చూశాను. దాని మెట్ల మీద కిళ్ళీ మరకలున్నాయి. అదే మీకు మా ఇంటికన్నా శుభ్రంగా తోచిందన్నమాట. ఆరేళ్ళ కిందట తేదీ రాసిన వేలితోనే ఇప్పుడు ఈ ముక్క కూడా రాశారు. అప్పుడు నా ఫ్రిజ్ నచ్చలేదు, ఇప్పుడు నా మంచం నచ్చలేదు. జరిపితే ఎందుకు జరిపావంటారు, జరపకపోతే ఇన్నాళ్ళూ దులపలేదంటారు. నేను శుభ్రం చేయలేనని మీకు ముందే తెలుసు, అందుకే ఏదీ ముట్టుకోవద్దన్నారు. చేతకానిదానికి చెప్పే మంచి మాట అదే కదా.

పోనీ, మీరు అనుకున్నదే నిజమైంది. మూడు గదులు కాస్తా ఒక గది అయింది, అదీ చేజారింది. ప్రస్తుతం నా లక్ష్యం ఒక కుర్చీ. దానిమీది బట్టలు మడతపెట్టి, అందులో దర్జాగా కూర్చుని మీకు ఈ ఉత్తరం రాయాలనుకున్నాను. మంచం అంచున కూర్చుని, ఒళ్ళో పళ్ళెం బోర్లించుకుని రాస్తున్నాను.

మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పక్కనే కూర్చుని, "ఇది పంపకు, ఒక్కసారి ఆలోచించు" అంటున్నారు. ఆలోచించడానికి కూడా ఈ ఇంట్లో చోటు లేదు. వస్తే రండి, మానితే మానండి. మీ ఇష్టం.

పిచ్చుక


డిసెంబరు 13

పిచ్చుకా,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నువ్వు తిట్టిన తిట్టు ఒక్కొక్క అక్షరం భూతద్దం పెట్టి కూడబలుక్కుని చదివాను. అంత కష్టపడి తిట్లు తిన్నదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నాకు చూపు పోతోంది. ఏడాదిన్నర అయింది. రెండు కళ్ళకీ నడిమధ్య మసక అలుముకుంది, చుట్టూ అంచులు మాత్రం కనపడతాయి. అద్దాలు మార్చినా లాభం లేదన్నారు. పూర్తిగా చీకటి కాదట, అంతవరకూ నయం. కానీ మధ్యలోది ఇంకా పెరుగుతుందట. మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఇతరుల చెయ్యి పట్టుకుని నడిపించినదాన్ని. నా చెయ్యి ఎవరైనా పట్టుకుంటే ఒళ్ళు మండుతోంది.

నా ఇంట్లో నాకు ఇబ్బంది లేదు, అడుగుల లెక్క ఉంది. కొత్త చోటికి వెళ్తే గోడ పట్టుకుని నిలబడాలి. ఈ సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామని మీ అన్నయ్య అంటే, ఏ ఇల్లు నాకు కంఠతా వచ్చో లెక్కపెట్టుకున్నాను. నీ ఇల్లు వచ్చు. మంచం దిగితే గుమ్మానికి ఆరు అడుగులు. కుడిచేతికి స్టూలు తగలాలి. అక్కడినుంచి ఎడమకి తిరిగితే బీరువా, దాన్ని రాసుకుంటూ తొమ్మిది అడుగులు వేస్తే వంటిల్లు. ఆరేళ్ళ కిందట నీ ఇంట్లో ఏది ఎక్కడుందో ప్రతిదానికీ నీతో గొడవపడ్డాను కాబట్టి అంతా గుర్తుంది. ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవవచ్చని ఆశపడ్డాను. నువ్వు మంచం జరిపానని రాశావు, నాకు నేల కదిలినట్టైంది. లాడ్జి అన్నది అందుకు. లాడ్జిలో తడుముకుంటే నవ్వేది ముక్కూమొహం తెలియనివాళ్ళు. నీ ముందు తడుముకోవడం నావల్ల కాదు.

శుభ్రం సంగతి. నీ ఇంట్లో దుమ్ము ఉన్నా ఇప్పుడు నాకు కనపడదు. నువ్వు నెలరోజులుగా ఎవరికి భయపడుతున్నావో ఆ మనిషి లేదు.

ఫ్రిజ్ మీది తేదీ గురించి కూడా చెప్పేస్తాను. వార్డులో ఏ సీసా మూత తీసినా తేదీ వేయాలి, నా చెయ్యి ఆ అలవాటులో పడిపోయింది. వెక్కిరింపు కాదని అంటే మాత్రం అబద్ధం. సగం అలవాటు, సగం వెక్కిరింపు. ఆ సగానికి నన్ను క్షమించు.

ఇంకొకటి. ఎదుటి మనిషిని సూటిగా చూస్తే నాకు మొహం కనపడదు. చెవి వైపు చూస్తే మొహం కొంత కనపడుతుంది. నిన్ను చూడాలంటే నేను నీ చెవిని చూడాలి. నీ వెనక గోడమీద బూజు వెతుకుతున్నానని మళ్ళీ అలగకు. ఆ అంచులు కూడా మసకబారకముందే నీ మొహం చూడాలని ఉంది. రమ్మంటావా?

వదిన


డిసెంబరు 17

వదినా,

రా.

ఇంత లావు అక్షరాలు ఎందుకంటావేమో, బైండింగ్ సెక్షన్లో అట్టలమీద పేర్లు రాసే బ్రష్‌తో రాస్తున్నాను. పేజీకి ఆరు లైన్లే పడుతున్నాయి. తిట్లు రాయాలంటే కాగితం చాలదు, అదీ ఒక లాభమే.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీ పెద్ద అక్షరాలు చూసి ఎగతాళి చేసిన నోటిని ఏం చేయాలో తెలియలేదు. పక్కన మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఇద్దరం లేచి హాల్లోకి వెళ్ళి చూస్తే, ఆ సామాను మధ్య కళ్ళున్నవాళ్ళమే దారి తప్పేలా ఉన్నాం. నువ్వు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేసింది.

చార్టు వెనక్కి తిప్పి కొత్త లక్ష్యం రాసుకున్నాం. ఈ ఇంటిని ఆరేళ్ళ కిందట నువ్వు తిట్టిన స్థితికి తీసుకురావాలి. వదినా, నా జీవితంలో నాకు సరిపోయిన లక్ష్యం ఇదొక్కటే. ఇల్లు శుభ్రం చేయమంటే చేతకాలేదు గానీ, పాత చిందరవందరని మళ్ళీ తయారుచేయమంటే నాకు మించిన పనిమంతురాలు లేదు.

ఏది ఎక్కడ ఉండేదో గుర్తుచేసుకోవడమే కష్టమైంది. మా ఆయన జ్ఞాపకం మీద ఇంటి బొమ్మ గీశారు. చాలా అందంగా ఉంది. అందులో వంటింటికి తలుపు లేదు. ఆయన బుర్ర మర్చిపోయినా మోకాలి చిప్ప మర్చిపోలేదు. చీకట్లో నడుస్తున్నట్టు కళ్ళు మూసుకుని నడవమన్నాను. "ఇక్కడ బల్ల కోణం తగిలేది" అంటూ ఆయన ఎక్కడ ఆగి మోకాలు పట్టుకున్నారో అక్కడికి బల్ల తెచ్చి పెట్టాను. నేలమీద పాత గీతలు కూడా సరిగ్గా అక్కడే ఉన్నాయి. నేల తుడవనందుకు మొదటిసారి మేలు జరిగింది.

స్టూలు ఆఫీసునుంచి తెచ్చేశాను. పేస్టు గిన్నె పెట్టిన చోట గుండ్రటి మరక పడింది, గీకాను, పోలేదు. మంచం గోడవారకి చేరింది. నీ అడుగులు కొలవడానికి నా అడుగులు పనికిరావు, నేను గంతులేస్తానని నువ్వే అనేదానివి. మా ఆయన చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టినట్టు పంట్లాం పట్టుకుని నీలా నడిచి చూపించారు. ఆరు అడుగులకి గుమ్మం వచ్చింది. నీ నడక ఆయనకి అంత బాగా ఎలా వచ్చో తర్వాత విచారిద్దాం.

అటకమీది సామాను మళ్ళీ అటకెక్కింది. దులపలేదు. ఎలుకకి కూడా దాని పాత చోటు దక్కింది. స్నానాల గది మెట్టు జానెడు, అంచున తెల్ల రంగు వేశాం. అదొక్కటీ కొత్త.

దుమ్ముందో లేదో నేను చూడలేదు. లాడ్జి వద్దని అన్నయ్యకి చెప్పు. స్టేషనుకి నేనే వస్తాను, చెయ్యి పట్టుకోను.

పిచ్చుక


జనవరి 6

వదినా,

మీరు వెళ్ళి నాలుగు రోజులైంది. స్టూలు గుమ్మం పక్కనే ఉంది. పేస్టు గిన్నెకి ఆఫీసులో ఇటుకలు పేర్చుకున్నాం.

మోకాలి వాపు తగ్గిందా? అన్నీ ఎక్కడివి అక్కడ పెట్టినదాన్ని, ఆ మూతల బుట్ట ఒక్కటి దారిలో వదిలేశాను. పధ్నాలుగు మూతలూ నాలుగు గదుల్లోకీ దొర్లుతుంటే నాకు ప్రాణం పోయింది. నువ్వు కింద కూర్చుని మోకాలు పట్టుకుని, "ఇది ఆరేళ్ళ కిందట ఇక్కడ లేదే" అన్నావు. నేను మూతలు ఏరుతూ కూర్చున్నాను. మూతలన్నీ పారేశాను. మర్నాడు డబ్బా ఒకటి బయటపడింది. పారేసిన వాటిలో ఒకటి దానికి పట్టేదేమోనని అనుమానం ఉంది గానీ, మా ఆయనకి చెప్పలేదు.

ఒక సంగతి నీకు ఎదురుగా చెప్పలేకపోయాను. మీరు వెళ్ళడానికి ముందు రోజు పొద్దున, మేం లేవకముందే నువ్వు లేచావు. చప్పుడు విని నేనూ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాను. నువ్వు స్టవ్ వెలిగించి, టీపొడి డబ్బా వాసన చూసి పోల్చుకుని, కప్పులో వేలు ముంచి కొలత చూసుకుని నలుగురికీ టీ పెట్టావు. ఒక్క చుక్క ఒలకలేదు. సహాయం చేద్దామని కాళ్ళు ముందుకు లాగాయి. చెయ్యి పట్టుకోనని మాట ఇచ్చాను కదా, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నా ఇంట్లో నువ్వు అంత ధైర్యంగా తిరుగుతుంటే, ఈ ఇల్లు కట్టినందుకు మొదటిసారి గర్వంగా అనిపించింది. నేనక్కడ ఉన్నానని నీకు తెలియకూడదనుకున్నాను. అందుకే వెనక్కి వెళ్ళి పడుకుని, నువ్వు పిలిచాక అప్పుడే లేచినట్టు ఆవులించాను.

పది రోజులూ నా చెవివైపే చూశావు. రెండో రోజుకి అలవాటైంది. మూడో రోజున చెవులకి మంచి దుద్దులు పెట్టుకున్నాను.

పిచ్చుక


జనవరి 11

పిచ్చుకా,

మోకాలు బాగుంది. నీ లావు అక్షరాలు సాయంత్రంలోపే చదివేశాను.

నువ్వు గుమ్మం దగ్గర ఉన్నావని నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నీ ఒంటికి పట్టిన పేస్టు వాసన స్నానం చేస్తే పోదు. నువ్వు కదలకుండా నిలబడ్డావు. అందుకే టీ ఒలకలేదు. ఆవులింత మాత్రం చాలా పెద్దగా తీశావు, నటన అక్కడ తెలిసిపోయింది.

ఇప్పుడు నేను అడగవలసింది ఒకటుంది. ఎలా అడగాలో తెలియక మూడు రోజులు వాయిదా వేశాను.

నా ఇల్లు ఎలా ఉందో నాకు తెలియడం లేదు. రోజూ ఊడుస్తున్నాను, తుడుస్తున్నాను. శుభ్రంగా ఉందా అని మీ అన్నయ్యని అడిగితే అద్దంలా ఉందంటారు. పక్కింటావిడా అదే మాట. వార్డులో నేను ముప్ఫై ఏళ్ళు రోగులతో అన్న మాటే, "అంతా బాగానే ఉందమ్మా." ఆ మాట ఏ గొంతుతో అంటారో నాకు తెలుసు. ఇప్పుడు అదే గొంతు నాకు వినపడుతోంది. ఇల్లు మురికిగా ఉందని కాదు పిచ్చుకా నా బాధ. నా ఇంటి సంగతి నాకు తప్ప అందరికీ తెలిసి, ఎవరూ చెప్పకపోవడం.

నువ్వు ఒకసారి రా. ఆరేళ్ళు నాతో మాట్లాడకుండా ఉన్నావు గానీ, నా మొహం చూసి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇల్లంతా తిరిగి చూసి, ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పు.

వదిన


జనవరి 16

వదినా,

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. ఆఫీసులో నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఎందుకని పైవాళ్ళు అడిగితే ఇల్లు తనిఖీ చేయడానికని చెప్పాను. మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి సెక్షనంతా గంటసేపు నవ్వారు.

నేను వస్తున్నానని ఏమీ సర్దకు, ఏమీ కదపకు. అన్నయ్యని బూజుకర్ర ముట్టుకోవద్దని చెప్పు. మూల మూలలా చూస్తాను. మంచాల కింద పడుకుని చూస్తాను. దుమ్ముంటే ఉందని నీ మొహం మీదే చెబుతాను. నువ్వు బాధపడితే పక్కన కూర్చుంటాను, మాట మాత్రం మార్చను.

ఒకటే ఇబ్బంది. ఎంత దుమ్ముంటే దుమ్మన్నట్టో ఈ వయసు వచ్చినా నాకు తెలియదు. అది నువ్వే నేర్పాలి.

పిచ్చుక